అక్షరానికి చాలని గడి

‘స్త్రీ’ అన్న మాటను ఒకసారి కాగితం మీద వ్రాసి చూడండి. నడుమ సకారం, నెత్తిన గుడిదీర్ఘం, పాదాల వద్ద తావత్తు, దానిని ఆనుకొని రావత్తు. చూపునకు ఒకే అక్షరం. పలకడానికి రెప్పపాటు చాలు. దేశమంతటా అంతర్జాలంలో నింపే దరఖాస్తుల్లో పేరు, వయస్సుల సరసన తప్పక వచ్చే మాట ఇది. తెలుగు జనంలో సగం మందిని సూచించే మాట ఇది. ఆ మాటకే ఆ దరఖాస్తు గడిలో చోటు చాలడం లేదు. క్రింది ఒత్తులు తెగిపోయి, పైనున్న గుడి అణగిపోయి, మొండెం మాత్రం మిగిలిన ఆ అక్షరాన్ని మీలో చాలామంది మీ ఫోనుల్లో చూచే ఉంటారు. చూచి, ‘ఏదో కంప్యూటరు తప్పులే’ అనుకొని ముందుకు సాగిపోయి ఉంటారు.

అది కంప్యూటరు తప్పు కాదు. మనుషులు చేసిన తప్పు. ఆ మనుషుల్లో అధిక సంఖ్యాకులు బెంగళూరులో ఉన్నారు. వారిలో గణనీయమైన భాగం తెలుగువారు. వారిలో ఈ వ్యాసకర్త ఒకడు.

పదిహేనేళ్లుగా నేను ఈ నగరంలో అంతర్జాల దరఖాస్తులను రూపొందించే వృత్తిలో ఉన్నాను. కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక సంస్థలో తెలుగు పల్లెల మహిళలు ఫోనులో నింపవలసిన దరఖాస్తు ఒకటి తయారైంది. పరీక్షకుల నుండి నివేదిక వచ్చింది: తెలుగులో ‘స్త్రీ’ అన్న పదం గడిని దాటిపోతున్నది, పొట్టి పదం వాడవలసినది. సమావేశంలో పదకొండు మందిమి కూర్చున్నాము. ఏడుగురం తెలుగువాళ్లం. గడి చిన్నదైందని ఒక్కరూ అనలేదు. మాట పెద్దదైందనే అందరం అనుకొన్నాము. ‘స్త్రీ’ పోయి ‘ఆడ’ వచ్చింది. ‘పురుషుడు’ పోయి ‘మగ’ వచ్చింది. పని సకాలంలో ముగిసిందని ఒకరినొకరం అభినందించుకొన్నాము.

తరువాత ఒకనాడు హిందూపురం నుండి వచ్చిన మా అమ్మకు నా పనితనం చూపిద్దామని ఆ దరఖాస్తును ఆమె చేతికిచ్చాను. ఆమె కళ్లజోడు సవరించుకొని చదివి, ‘ఏం నాయనా, ఇది మనుషులకు వేసిన ఫారమేనా, సంతలో గొడ్లకు వేసిందా?’ అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. ఈ వ్యాసం ఆ జవాబు కోసం చేసిన ప్రయత్నం.

ఈ గడిని గీసినదెవరు?

ఒకప్పుడు వెబ్ పుటలను కంప్యూటరు తెర కొలతకే కట్టేవారు. ఫోనులు వచ్చాక ఆ పుటలు చిన్న తెరలో ఇమడక చిక్కు వచ్చింది. 2010లో ఈథన్ మార్కోట్ అనే అమెరికన్ రూపశిల్పి ఒక మార్గం చెప్పాడు. పుటను గట్టి గోడలా కట్టక, తెర వెడల్పును బట్టి తనంత తాను ఒదిగేటట్లు కట్టాలన్నాడు. 2011 ఆగస్టులో ట్విట్టర్ సంస్థలో పనిచేస్తున్న మార్క్ ఆటో, జేకబ్ థార్న్‌టన్ అనే ఇద్దరు ‘బూట్‌స్ట్రాప్’ అనే చట్రాన్ని తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. పుట వెడల్పును పన్నెండు సమాన భాగాలుగా కోసి, ఏ అంశానికి ఎన్ని భాగాలో ముందే చెప్పడం దాని పద్ధతి. పన్నెండును రెండు, మూడు, నాలుగు, ఆరులతో శేషం లేకుండా భాగించవచ్చు గనుక ఆ అంకెను ఎన్నుకొన్నారు. 2013లో వచ్చిన మూడవ కూర్పు చిన్న తెరనే మొదట తలచి, పెద్ద తెరకు పెరుగుతూ పోయే విధానాన్ని తెచ్చింది. అచిరకాలంలోనే అది ప్రపంచమంతటా వ్యాపించింది. బెంగళూరులో కొత్తగా కొలువులో చేరిన కుర్రవాడికి మొదట నేర్పే విద్యల్లో ఇదొకటైంది.

మేలైన పనిముట్టే, కాదనను. కాని ఆ చట్రంలోని కొలతలు ఏ భాషకు తీసిన కొలతలో చూడండి. మూడవ కూర్పులో అక్షర పరిమాణం 14 పిక్సెళ్లు. వరుస ఎత్తు 20 పిక్సెళ్లు. నింపవలసిన గడి ఎత్తు 34 పిక్సెళ్లకు బిగింపబడి ఉన్నది. ఇంగ్లీషు అక్షరానికి ఇది పుష్కలం. దానికి తలకట్టు లేదు, గుడి లేదు, ఒత్తు లేదు, ఒత్తు క్రింద ఒత్తు అసలే లేదు. తెలుగు అక్షరం నేల మీద నిలువుగా పెరిగే చెట్టు వంటిది, కొమ్మలూ కావాలి, వేళ్లూ కావాలి. ఇరవై పిక్సెళ్ల కుండీలో దానిని నాటి, వేళ్లు బయటికి వచ్చాయని కోసివేస్తే ఆ నేరం చెట్టుదా, కుండీదా?

వెడల్పు సంగతీ అంతే. దరఖాస్తులో ప్రతి గడికి పక్కన దాని పేరు ఉంటుంది. పన్నెండు భాగాల్లో రెండు భాగాలు పేరుకు, పది భాగాలు గడికి ఇవ్వడం ఆ చట్రం బోధించిన పరిపాటి. 750 పిక్సెళ్ల పుటలో రెండు భాగాలంటే 125 పిక్సెళ్లు. ఇరువైపులా అంచులకు 30 పోగా మిగిలేది 95. ‘నేమ్’, ‘సెక్స్’, ‘సిటీ’ వంటి మాటలకు అది విశాలమైన మైదానం. ‘తండ్రి లేక భర్త పేరు’, ‘శాశ్వత చిరునామా’, ‘కులధ్రువీకరణ పత్రం సంఖ్య’ అన్న మాటలకు అది ఇరుకు సందు. మాట విరిగి రెండవ వరుసకు, మూడవ వరుసకు జారుతుంది, క్రింది గడి పేరుతో ఒరుసుకొంటుంది. చిన్న తెరలో పేరును గడిపైకి ఎక్కించే ఏర్పాటు ఆ చట్రంలోనే ఉన్నది. అయినా ఇంగ్లీషులో అందంగా ఉన్నదన్న నెపంతో ఫోనులోనూ పక్కపక్కనే బిగించేవారు కోకొల్లలు.

తెర మారితే ఒదిగే దరఖాస్తు భాష మారితే ఒదగదు. మూడంగుళాల ఫోనును గౌరవించిన చట్రం ఎనిమిది కోట్ల మంది మాట్లాడే భాషను గౌరవించలేదు. ఒదుగుదల అన్న మాటకు అర్థం ఇదేనా?

లెక్కలోనూ వివక్షే

కంటికి కనబడే గడి సంగతి ఇది. కంటికి కనబడని గడులు ఇంకా ఉన్నాయి.

1991లో యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. నేడు వాడుకలో ఉన్న యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ఒక్కొక్క సంకేతానికి మూడు బైట్లు కావాలి. ‘లక్ష్మి’ అని వ్రాస్తే ఏడు సంకేతాలు, ఇరవై ఒక్క బైట్లు. పేరుకు ఇరవై బైట్లు చాలునని ఒక ఇంజనీరు తన భాండాగారంలో గిరి గీశాడనుకోండి. ఇంగ్లీషులో ఇరవై అక్షరాల పేరు హాయిగా పడుతుంది. మన ఇళ్లల్లో అతి సాధారణమైన ‘లక్ష్మి’ మాత్రం పట్టదు. పేరు పెట్టిన తల్లిదండ్రులది తప్పా? ఫోను సందేశం సంగతి చూడండి. ఇంగ్లీషులో ఒక సందేశానికి 160 అక్షరాలు, తెలుగులో వ్రాస్తే 70 సంకేతాలు.

పేరు గడిలో తెలుగులో వ్రాస్తే ఎర్రగీత పడి, ‘చెల్లని అక్షరాలు’ అని గద్దించే దరఖాస్తులు ఎన్ని లేవు? ఏ నుండి జెడ్ వరకు ఉన్న ఇరవై ఆరు అక్షరాలను మాత్రమే అనుమతించే సూత్రం ఒకటి ఆ గడి వెనుక కాపలా ఉంటుంది. ఎక్కడో దొరికిన ఆ సూత్రాన్ని తెచ్చి అతికించిన ఇంజనీరుకు తన పేరునే తన దరఖాస్తు తిరస్కరిస్తున్నదన్న స్పృహ ఉండదు. కొందరు ఉదారులు ‘ఏ భాషాక్షరమైనా సరే’ అన్న కొత్త సూత్రం వాడుతున్నారు. అందులోనూ మోసమున్నది. యూనికోడ్ వర్గీకరణలో క, చ, ట, త, పలు అక్షరాలు. గుడులు, కొమ్ములు, పొల్లు మాత్రం అక్షరాలు కావు, ‘గుర్తులు’. గుర్తులను కూడ అనుమతించమని విడిగా చెప్పకపోతే ‘కమల’ లోపలికి పోతుంది, ‘సీత’ గుమ్మం వద్దే ఆగిపోతుంది. గుణింతం లేని తెలుగును ఎవరు మాట్లాడుతారు?

ఇక మొదటి పేరు, చివరి పేరు అన్న జంట గడుల మాట. ఆరు భాగాలు దానికి, ఆరు భాగాలు దీనికి. మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తరువాత. ఇంటిపేరుతో ఎవరినీ పిలువము. ఈ జంట గడులు మన పేర్లను తలక్రిందులు చేసి, ఎన్నడూ వినని పేర్లతో మనల్ని పిలిపిస్తున్నవి. ఒక జాతి పేరు పెట్టుకొనే పద్ధతిని ఒక పుట విన్యాసం శాసించడం ఎంతటి విడ్డూరం!

దోషం ఎవరిది? నింద ఎవరికి?

2018 ఫిబ్రవరిలో జరిగిన సంగతి చాలామందికి జ్ఞాపకముండవచ్చు. ‘జ్ఞా’ అన్న అక్షరం ఒక అదృశ్య సంకేతంతో కలిసి సందేశంలో వచ్చినప్పుడు ఐఫోనుల్లోని అనువర్తనాలు కుప్పకూలాయి. ప్రపంచ పత్రికలన్నీ ‘ఫోనులను చంపే తెలుగు అక్షరం’ అన్న రీతిలో శీర్షికలు పెట్టాయి. నిజానికి లోపం అక్షరాన్ని తెరపై చిత్రించే ఆ సంస్థ ప్రోగ్రాములో ఉన్నది. కొద్దిరోజుల్లోనే 11.2.6 అన్న కూర్పుతో వారే దానిని సరిదిద్దుకొన్నారు. జ్ఞానానికి మొదటి అక్షరమైన ‘జ్ఞా’ మాత్రం నిందను మోసింది.

మా సమావేశంలో ‘స్త్రీ’కి జరిగినదీ అదే. యంత్రం చేసిన తప్పును భాష నెత్తిన వేయడం మనకు కొత్త కాదు. టైపురైటరు వచ్చిన కాలంలో ఆ మీటలకు అనువుగా లిపినే కత్తిరించుకోవాలని వాదించిన పెద్దలున్నారు. ఆనాడు ఇనుపమీటలు కదలవన్న సాకైనా ఉన్నది. నేటి గడి ఇనుముతో పోసినది కాదు. అది ఒక ఇంజనీరు వ్రాసిన ఒక పంక్తి. తుడిచి మరల వ్రాయడానికి నిమిషం పట్టదు.

మూడు సాకులు, మూడు సమాధానాలు

మొదటి సాకు: మన లిపి జటిలమైనది, సాంకేతికంగా సాధ్యం కాదు. ఈ మాట బెంగళూరులో కూర్చొని అనేవారికి సిగ్గుండాలి. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు. దానికీ గుణింతాలున్నాయి, ఒత్తులున్నాయి. 2000 దశకం తొలినాళ్లలోనే కర్ణాటక ప్రభుత్వం ‘భూమి’ పథకం క్రింద సుమారు 67 లక్షల మంది రైతులకు చెందిన రెండు కోట్ల భూమి పత్రాలను కన్నడంలోనే కంప్యూటరుకు ఎక్కించింది. కన్నడ గణక పరిషత్తు ‘నుడి’ అన్న వ్రాత సాధనాన్ని తయారుచేసి ఇచ్చింది. ఇరవై ఏళ్ల క్రితం తోబుట్టువుకు సాధ్యమైనది నేడు మనకు అసాధ్యమెట్లా అవుతుంది?

రెండవ సాకు: తెలుగులో చూచేవారెవరు? గూగుల్, కె.పి.ఎం.జి. సంస్థలు 2017లో వెలువరించిన నివేదిక ప్రకారం 2016 నాటికే భారతీయ భాషల్లో అంతర్జాలం వాడేవారు 23.4 కోట్లు. ఇంగ్లీషులో వాడేవారు 17.5 కోట్లు. ఈ నగరానికే చెందిన ఫ్లిప్‌కార్ట్ 2020 జూన్‌లో తమిళం, తెలుగు, కన్నడ భాషల్లో తన అంగడిని తెరచింది. బేరగాడు తెలుగువాడైతే గడి పెరుగుతుంది. అర్జీదారు తెలుగువాడైతే గడి పెరగదు. చెప్పు కొనుక్కోవడానికి తెలుగు పనికివచ్చి, పింఛను అడుక్కోవడానికి పనికిరాకపోతే ఆ లోపం భాషలో లేదు, అర్జీదారుపై మనకున్న చిన్నచూపులో ఉన్నది.

మూడవ సాకు: ముందు ఇంగ్లీషులో కానిచ్చి, తెలుగు తరువాత చూద్దాం. ఈ ‘తరువాత’ ఎన్నడూ రాదు. ఇల్లు కట్టి ముగిసిన తరువాత పునాది వెడల్పు చేయగలరా? ఇంగ్లీషు కొలతకు గడులన్నీ బిగించిన పిమ్మట తెలుగును తెచ్చి కుక్కితే అది చిరుగుతుంది. చిరిగినదాన్ని చూపి ‘తెలుగులో బాగుండదు’ అంటారు. తొలినాడే తెలుగుతో కొలిచి కట్టిన గడిలో ఇంగ్లీషు సుఖంగా ఇముడుతుంది. ఇంగ్లీషుతో కొలిచిన గడిలో తెలుగు ఇమడదు. ఏది ముందు చేయాలో బాలురు కూడ చెప్పగలరు.

చేయవలసినది ఇంతే

వృత్తిలో ఉన్న తెలుగు సోదర సోదరీమణులకు నా విన్నపం. కొండలు తవ్వమని అడగడం లేదు.

ఒకటి. గడి పేరును పక్కన ఇరికించక గడిపైన, పన్నెండు భాగాల నిండు వెడల్పులో పెట్టండి. ఫోనులో అన్ని భాషలకూ అదే మేలు.

రెండు. ఎత్తును పిక్సెళ్లలో బిగించకండి. కనీస ఎత్తు మాత్రం చెప్పి, అక్షరం అడిగినంత పెరగనివ్వండి. తెలుగు పుటకు వరుస ఎత్తును అక్షర పరిమాణానికి ఒకటిన్నర రెట్లకు మించి, దాదాపు ఒకటి ముప్పావు రెట్లు ఉంచండి.

మూడు. 2017 మార్చి నుండి ప్రధాన బ్రౌజర్లు సి.ఎస్.ఎస్. గ్రిడ్‌ను స్వయంగా అర్థం చేసుకొంటున్నవి. పన్నెండు భాగాల లెక్క లేకుండానే, మాట ఎంత ఉంటే వరుస అంత వెడల్పు కావాలని, చోటు చాలకపోతే క్రిందికి దిగాలని అందులో చెప్పవచ్చు. భాషకు ఒదిగే సాధనం చేతిలో ఉండగా భాషను కోసే సాధనాన్ని పట్టుకొని వేలాడడమెందుకు?

నాలుగు. పుట తెలుగులో ఉన్నదని దాని భాషా సంకేతంలో ప్రకటించండి. చూపులేనివారికి పుటను చదివి వినిపించే యంత్రం ఆ ఒక్క సంకేతాన్ని నమ్ముకొని ఉన్నది. తెలుగు ఖతిని పేరు పెట్టి కోరండి. ఏది దొరికితే అది వాడుకొమ్మని గాలికి వదలకండి.

ఐదు. పేరుకు ఒకే గడి చాలు. అందులో గుణింతాలతో, ఒత్తులతో సహా తెలుగును అనుమతించండి. నిడివిని బైట్లలో కొలవకండి.

ఆరు. ప్రతి దరఖాస్తునూ ‘స్త్రీ’, ‘లక్ష్మి’, ‘కులధ్రువీకరణ’ అన్న మూడు మాటలతో పరీక్షించి గాని బయటికి పంపకండి. ఈ మూడూ నిండుగా నిలిచిన గడిలో ఏ తెలుగు మాటైనా నిలుస్తుంది.

ఇది హక్కు, దయాభిక్ష కాదు

మన రాజ్యాంగం 350వ అధికరణం ఏమంటున్నది? తన కష్టాన్ని నివారించమని కోరుతూ కేంద్రంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి విన్నవించుకొనే హక్కు ప్రతి వ్యక్తికీ ఉన్నది. నేడు ఆ విన్నపానికి ద్వారం దరఖాస్తు గడి. తెలుగు అక్షరాన్ని తిరస్కరించే గడి ఆ హక్కునే తిరస్కరిస్తున్నది. న్యాయస్థానంలో ఎవరూ కొట్టివేయని హక్కును ఇరవై ఆరు అక్షరాల సూత్రమొకటి చడీచప్పుడు లేకుండా కొట్టివేస్తున్నది.

1966లోనే తెలుగును అధికార భాషగా చట్టం చేసుకొన్నాము. 2008లో ప్రాచీన భాష హోదా సాధించుకొని పండుగ చేసుకొన్నాము. ప్రాచీనత శాసనాల్లో భద్రంగా ఉన్నది, వర్తమానమే గడిలో ఇమడడం లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు తమ సొమ్ముతో చేయించే ప్రతి వెబ్‌సైటు ఒప్పందంలోనూ తెలుగు ప్రదర్శనకు, తెలుగు వ్రాతకు కొలతలు నిర్ణయించి, ఆ పరీక్షలో నెగ్గని పనికి చెల్లింపు ఆపాలి. సొమ్ము ఆగితే సాంకేతిక సమస్యలు ఎంత త్వరగా తీరుతాయో ఈ వృత్తిలో ఉన్నవాడిగా నాకు తెలుసు.

కర్ణాటకలో 2011 జనాభా లెక్కల నాటికే 35 లక్షలకు పైగా తెలుగువారున్నారు. ఇక్కడ కన్నడానికి అగ్రస్థానం న్యాయం. కన్నడిగులతో మనకు పోటీ లేదు. తెలుగు ఒత్తును నిలబెట్టిన గడి కన్నడ ఒత్తునూ నిలబెడుతుంది. ఈ పోరాటంలో వారూ మనమూ ఒకే పంక్తిలో ఉన్నాము. బెంగళూరులో గీసిన గడి శ్రీకాకుళం నుండి ఆదిలాబాదు దాకా ప్రతి తెలుగు ఫోనులో తెరుచుకొంటుంది. కనుక ఇక్కడి తెలుగు ఇంజనీరు చేసే నిర్లక్ష్యం ఒక్క ఊరితో పోదు.

తెలుగు సంఘాల వేదికలెక్కి ‘దేశభాషలందు’ అని పరవశించే మనమే మరునాడు కార్యాలయంలో ‘ఆ పదం పొడవైంది, తీసేయండి’ అంటున్నాము. భాషను చంపేవారు పరాయివారైతే ఎదిరించవచ్చు. చంపుతున్న చేయి మనదైతే ఏమి చేయాలి? ఆ చేతితోనే సరిదిద్దాలి. ఈసారి సమావేశంలో ‘మాట కురచ చేయండి’ అని ఎవరన్నా అన్నప్పుడు ఒక్క తెలుగువాడు లేచి ‘గడి పెంచండి’ అనాలి. ఆనాడు ఆ ఏడుగురిలో ఒక్కరమూ అనలేదు. ఇకమీదట నేను అంటాను. మీరూ అనండి.

మా అమ్మకు ఇంకా జవాబు చెప్పలేదు. ‘స్త్రీ’ అన్న అక్షరం గుడితో, ఒత్తులతో, నిండుగా నిలబడిన దరఖాస్తు ఒకటి ఆమె చేతిలో పెట్టిననాడు చెబుతాను.